అడవికూలియు పద్దుపుస్తకమును

ఖమ్మము సీమలో పనిచేసినవానికిని పని చేయించుకొన్నవానికిని నడుమ పుట్టిన తగవులలో మిక్కిలి ప్రసిద్ధమైనది యేదని యడిగినచో, గనుల పేరో కర్మాగారముల పేరో తలచుటకు ముందు నేలకొండపల్లి గోపన్న పేరు చెప్పవలసియుండును. అతడు పరమభక్తుడనియు వాగ్గేయకారుడనియు లోకమెఱుగును. కాని పదియేడవ శతాబ్దపు గోలకొండ కొలువున నతడు పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన సర్కారు నౌకరు. శిస్తు వసూలుచేసి ఖజానాకు జమకట్టుట యతని పని; ఆ పైకముతో భద్రగిరిపై గుడి కట్టించుట యతనిపై వచ్చిన యభియోగము. ఆరులక్షలకు లెక్క యప్పగింపలేదని గోలకొండ ప్రభువు తానీషా యతనిని పండ్రెండేండ్లు గోలకొండ బందిఖానాలో నుంచెననియు, తుదకు రామలక్ష్మణులు మారువేషములతో వచ్చి పైకము చెల్లించి రసీదు పుచ్చుకొని పోయిరనియు ఐతిహ్యము. భక్తులు ఈ కథలో భగవంతుని కారుణ్యమును చూతురు. నా దృష్టి మాత్రము రసీదుపై నిలుచును. యజమానికిని సేవకునికిని నడుమ తగవు తీర్చుటకు దేవుడే దిగివచ్చినను చెల్లుచీటి వ్రాయించుకొనక తప్పినది కాదు. ఆ గోదావరి అడవులలో తరువాతి శతాబ్దములయందు వెదురు నఱికినవారికిని, దుంగ లీడ్చినవారికిని, బొగ్గు త్రవ్వినవారికిని, ఆకు కోసినవారికిని అట్టి దేవు డెవ్వడును దిగిరాలేదు. చెల్లుచీటి వ్రాయువాడు మాత్రము సదా అవతలి పక్షమువాడే యయ్యెను. ఈ సీమ కూలితగవుల చరిత్రను కోపతాపముల చరిత్రగా గాక పద్దుపుస్తకముల చరిత్రగా చదువవలెనని నా తలంపు.

అందులకు ముందుగా గోదావరి రెండు గట్లను గూర్చి కొంత చెప్పుకొనవలెను. 1860లో నిజాము ప్రభుత్వము ఎడమగట్టున నున్న భద్రాచలము, రేకపల్లి సీమలను ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. అవి కొంతకాలము మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాయందుండి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారెను. కుడిగట్టున నున్న పాల్వంచ సంస్థానపు అడవి నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలోనే నిలిచిపోయెను. 1953లో ఖమ్మము జిల్లా వేరుపడుట, 1959లో భద్రాచలము దానిలో కలియుట, 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము కూనవరము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోవుట, 2016లో కొత్తగూడెము కేంద్రముగా భద్రాద్రి జిల్లా యేర్పడుట తరువాతి ముచ్చట. నది యొకటే, పోడు వ్యవసాయ మొకటే, రెండుగట్ల నివసించు కోయలును కొండరెడ్లును ఒకరికొకరు బంధువులే. అయినను గట్టు మారినచో చట్టము మారెను, కచ్చేరి మారెను, తుదకు నాణెమును మారెను. కుడివైపున హాలీ సిక్కా, ఎడమవైపున కల్దారు రూపాయి. ఒక నాణెమునుండి మఱియొక నాణెమునకు వట్టము కట్టుట వర్తకునికి వెన్నతో పెట్టిన విద్య. నెల పొడుగునను నాణెము మొగము చూడని కొండరెడ్డికి హాలీ యేమి, కల్దారేమి!

భద్రాచలమునుండి దిగువకు పోవుచు పాపికొండల నడుమ గోదావరి యిఱుకై లోతై ప్రవహించుచోట, నదికిని నిలువైన కొండకును నడుమ దొరకిన కొద్దిపాటి చదునుపై కొయిదా, పేరంటపల్లి, కట్కూరు మున్నగు గ్రామములు కలవు. అందలి కొండరెడ్లు మాఘఫాల్గుణములలో కొండవాలున చెట్లు నఱికి, ఎండకు ఎండనిచ్చి, వైశాఖమున కాల్చి, తొలకరి పడగానే ఆ బూడిదలో కర్రమొనతో గుంటలు చేసి జొన్నయు సామయు కందియు విత్తుకొనెడివారు. పంట చాలనినాళ్ల దుంపలు త్రవ్వుకొనుటయు, జీలుగుచెట్టు కల్లు త్రాగి ఆకలి నోర్చుకొనుటయు, మిక్కిలి కఱవు వచ్చినపుడు ఆ చెట్టునే పడగొట్టి మొదలులోని పిండిని తినుటయు కలదు. ఊరికి పెదకాపు పెద్ద. అతనికి చెప్పదగినంత సంపద గాని ఆయుధము గాని లేదు. ఎవరు ఏ వాలున పోడు కొట్టవలెనో, ఎవరి తగవు ఎట్లు తెగవలెనో అతని సమక్షమున నలుగురు కూర్చుండి తేల్చుకొనెడివారు. ఈ వ్యవస్థలో కూలి యన్నది లేదు, కావున కూలితగవును లేదు.

రాజమహేంద్రవరపు కలపబజారు పెరిగినకొలది ఆ కొండలలోని వెదురునకును టేకునకును గిరాకి పుట్టెను. అడవిశాఖ నఱకుటకు విడదీసిన అడవిభాగములను, అనగా కూపులను, వేలము వేయును, గుత్తదారు పాడుకొనును. కాని కూపు పాడుకొన్నంత మాత్రమున వెదురు తనంతట తాను ఏటికి నడచిరాదు. ఆ నిట్రవాలుపై కత్తి పట్టుకొని యెక్కగలవారు కొండరెడ్లు మాత్రమే, వారును కొద్దిమంది. కూలివాండ్రు కొద్దిమందియై పని విస్తారమైనపుడు కూలి పెరుగవలెనని అర్థశాస్త్రము చెప్పును. ఇక్కడ పెరిగినది కూలి కాదు, అప్పు. వేఱొక వర్తకుని కూపునకు కూలివాడు పోకుండ కట్టివేయుటకు అంతకంటె చవుకైన సాధనము లేదని వర్తకులు కనుగొనిరి. శ్రావణ భాద్రపదములలో పోడు ఇంకను పండక, ఇంటిలోని గింజ యైపోయి, తల్లులు పిల్లలకు అంబలికి వెదకికొను తఱి పడవ యొకటి రేవునకు వచ్చును. అందు జొన్నలు, ఉప్పు, మిరపకాయలు, పొగాకు, పంచెలు, చీరలు ఉండును. గుమాస్తా రేవుగట్టున చాప పఱచుకొని కూర్చుండి, పేరడిగి, గింజ కొలిచి యిచ్చి, పుస్తకమున పద్దు వ్రాసుకొనును. కొలిచిన మానిక అతనిది, గింజ కతడు కట్టిన ధర యతనిది, వ్రాసిన లిపి యతనిది. ఎదుట నిలిచినవాడు తన యప్పు ఎంతయని అడిగినను, ఆ గుమాస్తా చెప్పినదే తప్ప వేఱు ప్రమాణము లేదు. తరువాత నఱికిన వెదురునకును, ఏటిదాక ఈడ్చి తెప్ప కట్టిన దుంగలకును కూలి కట్టుటయు ఆ పుస్తకముననే. ఎన్ని కట్టలు చెల్లినవి, ఎన్ని పురుగు తిన్నవని తీసివేయబడినవి యను నిర్ణయమును ఆ గుమాస్తాదే.

ఇందలి కీలకము మఱియొకటి కలదు. వెదురు నఱుకు పని ముమ్మరమగు కాలమును పోడు కొట్టి కాల్చు కాలమును ఇంచుమించు ఒక్కటే. కూపులో నున్న మగవాడు పోడు సరిగా కొట్టలేడు. కొట్టని పోడు తక్కువ పండును. తక్కువ పండినయేట శ్రావణమునకు ముందే గింజ యైపోవును. అపుడు పడవ మఱింత ముందుగా వచ్చును. ఇట్లు ఒకయేటి యప్పు మఱుసటియేటి యాకలికి బీజమై, తండ్రి పద్దు కొడుకునకు సంక్రమించి, మూడవతరము నాటికి తాము ఆ సావుకారు మనుషులమని చెప్పుకొనుట వాడుకయైపోయెను. తెలంగాణపు మైదానములలో నిదే భగేలా. మద్రాసువారి మన్యములో నిదే గొత్తి. గట్టు మారినను కట్టు మారలేదు.

ఎడమగట్టున అధికారులకు ఈ సంగతి కొంత ముందుగానే తెలిసివచ్చెను, కాని తెలిసిన విధము ప్రజలకు కలిసివచ్చినది కాదు. 1879లో రంప మన్యమున ముఠాదారులును కొండవారును తిరుగబడుటకు చిగురుపన్ను, కల్లుగుత్తదారుల దౌర్జన్యము, కోర్టులలో బాకీదావాలు కారణములయ్యెను. ఆ తిరుగుబాటు భద్రాచలము తాలూకాలోని రేకపల్లికి ప్రాకుటకు అచట పోడుపై శిస్తు పెంచుటయు హేతువాయెను. 1922లో గూడెము మన్యమున అల్లూరి సీతారామరాజు ఉద్యమమునకు ముందుమాటవంటిది బాస్టియన్ అను డిప్యూటీ తహసీలుదారు రోడ్డుపనిలో మన్యపువారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా చాకిరి చేయించుట. అడవిలో రేగిన పితూరీలన్నియు స్వాతంత్ర్యకాంక్షతో మొదలయ్యెనని మనము చెప్పుకొందుము. వానిలో పెక్కింటి మొదటిపుటలో కూలియో బాకీయో వ్రాసియుండును. పితూరీ అణగిన పిమ్మట చట్టము వచ్చుట ఆనవాయితీ. 1917నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపుల చట్టము, 1940నాటి ఏజెన్సీ ఋణదాస్య నిర్మూలన రెగ్యులేషను మద్రాసు ప్రభుత్వమువారివి. కాగితముపై అవి మంచివే. కాని అప్పు ఎంతయో తేలినగదా వడ్డీ హద్దు మీఱినదో లేదో తేలును. అప్పు తేల్చు పుస్తకము సావుకారు పెట్టెలో నుండెను.

కుడిగట్టున ఈ పెట్టె మూత నెత్తి చూచినవాడు ఒక పరదేశి. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టి, అచటనే మానవశాస్త్రమున పట్టము పొంది, 1939లో రెండవ ప్రపంచయుద్ధము మొదలగునాటికి హిందూదేశమున చిక్కుకొనెను. ఇంగ్లీషువారి లెక్కలో అతడు శత్రుదేశీయుడు. నిర్బంధశిబిరమునకు పోవలసిన యతనికి హైదరాబాదు సంస్థానమునందు ఉండి పరిశోధన సాగించుకొను వెసులుబాటు లభించెను. రాజ్యము దాటిపోగూడదను నిబంధన యతనిని నిజాము అడవులన్నియు తిరుగునట్లు చేసెను. మొదట నల్లమల చెంచులను, తరువాత గోదావరి కొండరెడ్లను, పిమ్మట ఆదిలాబాదు గోండులను అతడును భార్య బెట్టీయును గూడెములలో కాపురముండి పరిశీలించిరి. 1940లో జోడేఘాటునొద్ద కొమురం భీమును పోలీసులు కాల్చిచంపిన పిమ్మట, గోండులు ఏల తిరుగబడిరని తెలిసికొనవలసిన యవసరము నిజాము సర్కారునకు కలిగెను. ఆ విచారణకు అతడే తగినవాడని వారికి తోచెను. కాల్పుల తరువాత కారణము వెదకుట సర్కారులకు క్రొత్త కాదు గాని, వెదకుటకు పోలీసును గాక పండితుని పంపుట మాత్రము క్రొత్త.

అతని కొండరెడ్ల గ్రంథము ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వెలువడెను. మానవశాస్త్రజ్ఞుడనగా పెండ్లిళ్లను, కొలుపులను, గోత్రములను వ్రాసికొనువాడని మనకొక యభిప్రాయము కలదు. అవియన్నియు అందు కలవు. కాని ఆ గ్రంథమును తక్కిన జాతివర్ణనలనుండి వేఱుచేయునది, కలప వర్తకునికిని కొండరెడ్డికిని గల సంబంధమును అతడు వ్రాసిన తీరు. కూలి రేటు ఎంత, గింజ ధర ఎంత, పనిదినము లెన్ని, పోడునకు మిగిలిన దినము లెన్ని యను ప్రశ్నలు వేసి, ఒక జాతి జీవనవిధానము చెదరుటకు మూలము నాగరకతాస్పర్శ యను పెద్దమాటలో గాక రేవుగట్టున జరుగు ఇచ్చిపుచ్చుకోలులో కలదని అతడు చూపెను. అదే యేడు అచ్చైన ‘ట్రైబల్ హైదరాబాద్’ యను నాలుగు నివేదికల సంపుటికి, నిజాము కొలువున రెవిన్యూ సభ్యుడుగా నుండిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ ముందుమాట వ్రాసెను. గ్రిగ్సను తానును బస్తరు మారియా గోండులపై గ్రంథము రచించినవాడగుటచే, ఆ నివేదికలు బీరువాలో పడి బూజుపట్టలేదు. పరిశోధకునికి చదువరి దొరకుట భాగ్యము. అధికారమున నున్న చదువరి దొరకుట మఱింత భాగ్యము.

1945 మొదలు 1949 వఱకు హైమన్‌డార్ఫు నిజాము ప్రభుత్వమునకు గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యుడుగను ఏకకాలమున పనిచేసెను. నేడు విశ్వవిద్యాలయములయందు పనిచోట పుట్టు వైరములు, వానిని సమాధానపఱచు పద్ధతులు శాస్త్రముగా పరిగణింపబడి, వానిపై పరిశోధన నడపుటకు పెద్ద పెద్ద పదవులే వెలసినవి. ఆ శాస్త్రము కార్యాలయపు మాటపట్టింపులను, పై యధికారి దుర్భాషను, ఉద్యోగుల మనఃక్లేశమును విచారించి, మధ్యవర్తిత్వపు మెలకువలను బోధించును. అది యవసరమే. కాని మన ప్రాంతమున ఆ పదవికి పూర్వరూపమేదని వెదకినచో ఉస్మానియాలోని ఆ యాచార్యపదవియే కనబడును. అందున్నవాడు మొదట చేసినది ఇరుపక్షముల నెదురెదురుగా కూర్చుండబెట్టుట గాదు. ఒక పక్షమునకు చదువను వ్రాయను రానపుడు, అవతలి పక్షము పుస్తకమును పట్టుకొని కూర్చుండినపుడు, మధ్యవర్తి యెంత మృదువుగా మాటలాడినను తీర్పు పుస్తకమువైపే మొగ్గును. అతడు ముందుగా పుస్తకము తెఱిపించెను.

అట్లని అతనిని ఋషిని చేయనక్కఱలేదు. అతడు ప్రభువు జీతము తినినవాడు. కొండవారికి మేలు చేయవలసినది ప్రభుత్వమే గాని వారు తమంతట కూడుకొని తమ హక్కు తాము సాధించుకొనుట యన్నది అతని ప్రణాళికలలో పెద్దగా కానరాదు. అయినను అతని నివేదికల ఫలితముగా వర్తకుల పట్టు సడలించుటకును, కూలి నేరుగా కూలివాని చేతికి చేరుటకును, సహకారపద్ధతిపై గింజయు బట్టయు సరసమైన ధరకు లభించుటకును యత్నములు జరిగెను. 1356 ఫసలీలో, అనగా 1946లో, గిరిజన ప్రాంతముల రెగ్యులేషను వచ్చి, తరువాతి నిబంధనలచే చిన్నతగవులను గిరిజన పంచాయతీలే తీర్చుకొను వీలు కలిగెను. పెదకాపు సమక్షమున నలుగురు కూర్చుండి తేల్చుకొనెడి పాత యాచారమునకు సర్కారు ముద్ర పడెనన్నమాట. గోండీలో వాచకములు వ్రాయించి గోండు ఉపాధ్యాయులను తయారుచేయుట ఆదిలాబాదు మార్లవాయిలో సాగెను. కూలితగవుల దృష్టితో చూచినచో అక్షరము నేర్పుటకంటె గొప్ప మధ్యవర్తిత్వము లేదు.

ఆ పని పూర్తిగా వేళ్లూనకమునుపే కాలము తల్లక్రిందులయ్యెను. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధపోరాటమున కమ్యూనిస్టు దళములు పాల్వంచ, ఇల్లెందు అడవులకు చేరెను. వెట్టి మానుట, అడవికూలి పెంచుట అచట నినాదములయ్యెను. ఆ దళములవారిని పట్టుటకై సర్కారువారు కోయగూడెములను పెఱికి ప్రజలను శిబిరములలో కూర్చిరి. హైమన్‌డార్ఫు లండనుకు పోయి ఆచార్యుడాయెను. 1970వ దశకము చివర మరల వచ్చి పాతగూడెములు తిరిగి, 1982లో వ్రాసిన గ్రంథమున తాను ముప్పదియేండ్లక్రింద చూచిన రక్షణలు అనేకచోట్ల జాఱిపోయినవని ఖేదముతో చెప్పుకొనెను. అప్పటికి ఆ కొండల వెదురునకు క్రొత్త గిరాకి పుట్టియుండెను. భద్రాచలమున కెదురుగా సారపాకయందు 1979లో కాగితపుమిల్లు నడక సాగించెను.

ఇదే అడవిలో ఎనుబదిమైళ్లలోపున మఱియొక పద్దుపుస్తకము తెఱచియుండెను. భూగర్భశాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు చేరువ బొగ్గు కనుగొనెను; అచటి ప్రధానమైన పొరకు నేటికిని కింగు పేరే. 1886లో లండనులో రిజిష్టరైన హైదరాబాదు దక్కను కంపెనీ గనులహక్కు పొందెను. ఈ కంపెనీ పుట్టుకయే లెక్కల తగవు. హక్కు సంపాదించిన దళారులు ఒక్క పౌను చెల్లింపకుండ వాటాలలో పెద్దభాగమును తమ పేర వ్రాసికొనిరనియు, నిజాము ప్రభుత్వపు ఉద్యోగియైన అబ్దుల్ హకు తన యేలికచేతనే ఆ వాటాలను కొనిపించెననియు గొడవ చెలరేగి, 1888లో ఇంగ్లండు కామన్సు సభ విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. పైవారి పద్దులలో తప్పు దొరలినచో పార్లమెంటు కూర్చుండును. గనిలో కూలి నింపిన బొగ్గుటబ్బు లెక్క తప్పినచో ముఠాపెద్దయగు సర్దారు మాటయే చెల్లును. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడి ఆ యాస్తి నంతయు స్వీకరించెను. 1945లో హైదరాబాదు రాజ్యము అధికభాగపు వాటాలను కొనెను. బొగ్గుబావులు కొత్తగూడెమునకు ప్రాకినపుడు రైలుస్టేషనుకు మాత్రము భద్రాచలము రోడ్డని పేరుండిపోయెను. రాముని దర్శనమునకు పోవువారును బావిలోనికి దిగువారును ఒక్క ప్లాటుఫారముననే దిగెడివారు.

బావిలోని పని యిది: పేల్చిన బొగ్గును చెమ్మాసుతో తట్టలోనికి తోడి, వంగి నడచుచు మోసి, టబ్బులో పోయవలెను. తట్టా చెమ్మాస్ పని యని ముసలి కార్మికులు నేటికిని చెప్పుకొనునది యిదే. కూలి దినమునకు కాదు, టబ్బునకు. కావున బావిలోని తగవులన్నియు టబ్బు చుట్టును తిరిగెడివి. ఖాళీటబ్బులు సకాలమున రాలేదు, వచ్చినవి సర్దారునకు కావలసిన ముఠాకు పోయినవి. నింపినది అంచువఱకు లేదని తగ్గించిరి, రాయి కలిసినదని కొట్టివేసిరి. పైకప్పు బాగుచేసికొనుటకు సగము షిఫ్టు పోయినది, దానికి కూలి యెవరిత్తురు? ఏ దేశపు బొగ్గుగనిలోనైనను ఈ ఫిర్యాదులే వినవచ్చును. రేవుగట్టున గుమాస్తా కూర్చుండిన చోట ఇచట హాజరు వ్రాయువాడు కూర్చుండెను. భేదమొక్కటి కలదు. కొండరెడ్లు కొండకొక గూడెముగా చెదరియుండిరి. బావిపని చేయువారు వందలకొలది యొక్కచోట దిగి, యొక్కచోట ఎక్కి, యొక్క వరుస యిండ్లలో కాపురముండిరి. ఒకని పద్దు మఱియొకని పద్దుతో పోల్చిచూచుకొను వీలు మొట్టమొదట ఇచట కలిగెను.

కార్మికసంఘము అట్టి పోలికనుండి పుట్టినదే. 1946లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ ప్రభృతులు హైదరాబాదు రాజ్యమంతటికి ట్రేడ్ యూనియన్ కాంగ్రెసును నెలకొల్పునాటికే బొగ్గుబావులలో సంఘనిర్మాణము సాగుచుండెను. తొలి నిర్మాతలలో నొకడైన శేషగిరి పేరు కొత్తగూడెపు యూనియన్ భవనమునకు నిలిచియున్నది. సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట 1947నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ఇచటికి వచ్చెను: సమాధానాధికారి, ట్రిబ్యునలు, అవార్డు. ఈ పద్ధతిని సందేహించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడు, రైల్వే కార్మికోద్యమమున తలనెరసిన వరాహగిరి వెంకటగిరి. 1952 నుండి 54 వఱకు కేంద్ర కార్మికమంత్రిగా నుండినపుడు, న్యాయస్థానపు తీర్పుతో తెచ్చిన శాంతికంటె ఇరుపక్షములు కూర్చుండి కుదుర్చుకొన్న యొప్పందమే నిలుచునని వాదించి, బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వము మార్చినపుడు పదవినే వదలుకొనెను. బొగ్గువిషయమున అతని మాట ఇరువదియేండ్లకు గాని ఫలింపలేదు. 1975 మొదలు జాతీయ బొగ్గు వేతన ఒప్పందములు యూనియన్లు, యాజమాన్యములు కూర్చుండి వ్రాసికొనుచున్నవి.

కూర్చుండవలెనన్న ఎవరు కూర్చుండవలెనో తేలవలెను. సింగరేణిలో అదే చిక్కైనది. పార్టీకొకటి, నాయకునికొకటి చొప్పున సంఘములు పుట్టి, ఒక బావిలో ఒక కార్మికునికి చార్జిషీటు ఇచ్చినను, మస్టరు పడలేదన్నను, క్యాంటీనులో టీ చల్లారినదన్నను ఆ షిఫ్టు ఆగిపోవుట 1980, 90 దశకములలో నిత్యకృత్యమయ్యెను. యాజమాన్యము ఒక సంఘముతో కుదుర్చుకొన్నది మఱియొక సంఘము మఱునాడే త్రోసిపుచ్చును. సంస్థ నష్టములలో కూరుకొని రుగ్ణపరిశ్రమల బోర్డు గడప త్రొక్కెను. 1998లో కేంద్ర కార్మికశాఖ పర్యవేక్షణలో రహస్యబ్యాలెట్టుతో గుర్తింపుసంఘమును ఎన్నుకొను పద్ధతి తెచ్చిరి. ఆ యేడు ఎఐటియుసి, 2003లో ఐఎన్‌టియుసి, 2012లోను 2017లోను తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము, 2023 డిసెంబరులో మరల ఎఐటియుసి గెలిచినవి. చిల్లర సమ్మెలు తగ్గినవి. దీనికి కారణము యాజమాన్యపు నేర్పని కొందఱును, నాయకుల పరిపక్వత యని కొందఱును వ్రాయుదురు. తగవును లెక్కించు పద్ధతి యొకటి యేర్పడి, ఆ లెక్కలో కార్మికుని చేతికిని ఒక చీటి వచ్చినదని నేననుకొందును. అయితే ఆ చీటి పర్మనెంటు కార్మికునికే; బొగ్గుపై మట్టి తీయు ఓపెన్‌కాస్టులలోని కాంట్రాక్టు కూలికి ఆ బ్యాలెట్టులో పాలు లేదు.

ఇక మూడవ పద్దు బీడీలు చుట్టు తునికాకుది. ఎండలు ముదిరిన చైత్రవైశాఖములలో ఆడువారును పిల్లలును తెల్లవాఱకమునుపే అడవికి పోయి, ఎండ యెక్కునప్పటికి ఆకు మోపులతో ఇల్లు చేరి, నీడపట్టున కూర్చుండి ఏబది ఆకులొక కట్టగా నారతో కట్టుదురు. సాయంకాలము కల్లమునకు తీసికొనిపోయి వరుసలు పేర్చగా కల్లేదారు వచ్చి లెక్కించి కార్డుపై వ్రాయును. ఆకు చిన్నదనియు, చిల్లుపడినదనియు, కట్ట వదులనియు కొన్ని త్రోసివేయును. నూటికి మీద మఱికొన్ని ఊరకే పుచ్చుకొనుటయు వాడుక. 1971లో అడవి చిన్నఫలసాయపు వ్యాపారమును రాష్ట్రప్రభుత్వము తన గుత్తాధిపత్యమునకు తెచ్చుకొని, కట్టకు రేటు తానే ప్రకటించసాగెను. పైసలలో నుండిన ఆ రేటు రూపాయలకు పెరుగుటకు ప్రతి వేసవి కోత మొదలగునాటికి ఊరూర జరిగిన కూలిసమ్మెలు, వాని వెనుక నక్సలైటు దళముల యొత్తిడి, ముందుగానే పెట్టుబడి పెట్టి ఆకు ఎండిపోవునను భయముతో దిగివచ్చిన గుత్తదారుల గాభరా అన్నియు కారణములు. తరువాత అమ్మకములో మిగిలినది కోసినవారికే బోనసుగా ఈయవలెనన్న నిర్ణయమును వచ్చెను. ఆ బోనసు ఏండ్లతరబడి బకాయిపడుటయు జరిగెను, బకాయి ఎవరిపేర ఎంతయో తేల్చునది మరల ఆ కల్లేదారు కార్డే.

2006నాటి అటవీహక్కుల చట్టము తునికాకును, వెదురును అడవిలో నివసించువారి స్వంత ఫలసాయముగా నిర్ణయించినది. అట్లయినచో కట్టకు ముట్టునది కూలి కాదు, ధర. కల్లమున నిలిచినది కూలిమనిషి కాదు, సరకుదారు. కొలతయు నాణ్యతయు నిర్ణయించుటలో ఆమెకును సగము పాలుండవలెను. కాని మనవైపున ఆకు యూనిట్లను సర్కారు ముందుగనే టెండరు వేసి గుత్తదారున కప్పగించుచున్నది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా గోండులు ఈ చట్టమును చేతపట్టుకొని పట్టుదల వహించి, తమ వెదురును తామే అమ్ముకొనుటకై 2011 ఏప్రిలులో రవాణా పాసుల పుస్తకమును అడవిశాఖ చేతినుండి తమ గ్రామసభ చేతికి మార్చుకొనిరి. ఆ పుస్తకము నప్పగించుటకు కేంద్రమంత్రి స్వయముగా ఆ యూరికి పోయెను.